ఏనుగులు వచ్చిన మర్నాటి హాజరు

రాత్రి మళ్ళీ ఏనుగులు దిగినాయని
బడి గేటు దగ్గరే తెలిసిపోతుంది నాకు.
పదకొండు మందిలో ఏడుగురి కళ్ళు
రాగిజావ గ్లాసుల్లోకి జారిపోతుంటాయి.

తెల్లారేదాకా డబ్బాలు కొట్టిన చేతులు.
పలక మీద అక్షరం వణుకుతుంది.
మురుగేశు అరచేతికి టపాకాయ మసి
ఇంకా వదల్లేదు.
"ఎన్ని వచ్చినాయిరా?"
"మూడు మేడమ్. ఇంగొక పిల్లది."
"మొత్తం?"
ఆవలింతలోనే రాస్తాడు పలక మీద, 4.
ఈరోజుకి కూడిక అయిపోయింది.

బైరెడ్డిపల్లె దాటినాక
బస్సు వెనక్కి తిరిగే చోటు నుంచి మూడు కిలోమీటర్లు.
మల్బరీ తోట, టమాటా మడి,
తెగి వేలాడే కంచె తీగ,
ఆ తర్వాత ఒక గది.
ఐదు తరగతులకూ ఒకటే నల్లబల్ల,
సుద్దగీతలు గీసి భాగాలు పంచినాను
అన్నదమ్ముల చేను పంచినట్టు.

తిరుపతిలో, బైరాగిపట్టెడ కోచింగు గదిలో
నలుగురం ఒకే ఫ్యాను కింద బట్టీ పట్టినాం
బోధనా పద్ధతులు, శిశు వికాస దశలు.
నిద్ర చాలని పిల్లవాడికి
ఏ దశలో ఏం చెప్పాలో
ఏ బిట్టు బ్యాంకులోనూ లేదు.
పోస్టింగు వచ్చినరోజు మ్యాపులో వేలు పెడితే
మూడు రాష్ట్రాలు వేలి కిందికే వచ్చినాయి,
ఊరు మాత్రం కనబళ్ళేదు.

మొదటి వారం నేను "నీళ్ళు" అన్నాను.
మురుగేశు "తణ్ణి" అన్నాడు,
చాముండి "నీరు" అంది,
తండా నుంచి వచ్చే పిల్ల చెవిలో చెప్పినట్టు "పాణి" అంది.
నాలుగూ బల్ల మీద రాశాను, ఏదీ కొట్టేయలేదు.
ఆరోజు కుండ పదింటికే ఖాళీ.

స్థానవిలువకి నెలన్నర పట్టింది.
చింతగింజలు పదేసి మూట కట్టి, విప్పి, మళ్ళీ కట్టి.
"సున్నా అంటే ఏం లేదనే కదా మేడమ్,
ఏం లేనిదాన్ని రాసేదెందుకు?"
చాముండి వదల్లేదు.
"దాని చోట అది నిలబడకపోతే
పక్కనుండేది చిన్నదైపోతాది" అన్నాను.
అంతకన్నా బాగా నాకూ తెలియదు.

పోయిన నెల పంట నష్టం రాసుకునే ఆయన వచ్చాడు.
తొక్కేసిన టమాటా చేను గట్టున
చాముండి నాయన ధనకోటి
బొటనవేలికి ఇంకు పూసుకొని సిద్ధంగా ఉన్నాడు.
కాగితం ఇటు తిప్పమంది మూడో తరగతి పిల్ల.
పెదాలు కదుపుతూ, వేలు పెట్టి చదివింది,
అట్లా చదవొద్దని నేను రోజూ చెప్పినట్టే.
"సార్, మాది ఇరవై సెంట్లు పోయిండాది.
ఈడ రెండు అని ఉంది.
సున్నా యాడ పోయింది?"

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వలేదు.
పెన్ను తీశాడు.

డబ్బు ఇంకా రాలేదు, వస్తుందో లేదో.
ఆ ఆదివారం కాక సోమవారం
ధనకోటి బడి గుమ్మం బయటే నిలబడి
"నా పేరులో ఎన్ని అక్షరాలుండాయి మేడమ్?" అన్నాడు.
నాలుగే అన్నాను.
నాలుగయితే పర్వాలేదన్నాడు.

బదిలీ దరఖాస్తు నా సంచిలోనే ఉంది, అబద్ధమెందుకు?
కుళాయి నీళ్ళు, సాయంత్రం బస్సు,
మాట్లాడుకోడానికి ఇంకో టీచరు.
ఖాళీల పట్టీలో పెన్సిలు టిక్కులు పెట్టి
చెరిపి, మళ్ళీ పెట్టి, కాగితం పలచబడింది.
పాత హాజరు పట్టీల్లో
ఆరేళ్ళకి ఐదు చేతిరాతలు.
"మీరూ పోతారా" అని పిల్లలు అడగరు.
అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

పేర్లు పిలుస్తున్నాను.
మురుగేశు పలకలేదు,
పలక మీద చెంప ఆనించి ఉన్నాడు.
"లేపేదా మేడమ్?"
వద్దన్నాను.
ఒకటో తరగతిని గొంతు తగ్గించమని సైగ చేసి
వాడి పేరెదుట హాజరు వేశాను.

మధ్యాహ్నం గుడ్డు వాసనకి లేచాడు,
చెంప మీద సుద్దతో
తిరగబడిన నాలుగు.